బియ్యం కొలిచిన జమిడిక

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. మన వీరభద్రం ఆడిన అబద్ధం ఎంత బాగా అతికిందంటే, రెండేళ్ళు గడిచినా ఊడిరాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

2020 జనవరిలో అతను స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో దిగాడు. తెలుగు పిల్లలు కెనడా కాలేజీలకు తండోపతండాలుగా వస్తున్న రోజులవి. ఆ రెండు గదుల్లోనే ఐదుగురు సర్దుకున్నారు. వాళ్ళలో భీమవరం నుంచి వచ్చిన తనీష్ కాస్త కలుపుగోలు మనిషి. కొత్తవాడికి సాయం చేద్దామని సూట్‌కేసు విప్పి, స్వెటర్ల మధ్య నుంచి ఒక ఇత్తడి డొల్లను పైకి తీశాడు. మూరెడుకు కాస్త తక్కువ పొడవు. ఒక పక్క తోలుతో మూసి ఉంది, రెండో పక్క తెరిచి ఉంది. ఇదేంటని అడిగాడు.

వీరభద్రం కుంచం అన్నాడు. బియ్యం కొలుచుకునేది, మా దిక్కు ఇట్లనే ఉంటది అన్నాడు. మరి లోపల ఈ తాడేంటంటే, గోడకు తగిలించుకునేందుకు అన్నాడు. మర్నాడు ఎవరూ చూడకుండా ఆ తాడును కత్తెరతో కత్తిరించి చెత్తలో వేసి, తోలు మధ్యనున్న బెజ్జానికి లోపలి నుంచి ప్లాస్టర్ అంటించాడు. ఆ పూట నుంచి ఆ ఇంట్లో బియ్యం దానితోనే కొలిచారు. ఐదుగురికి పూటకు పావు కుంచం, ఎవరైనా చుట్టం వస్తే ఇంకో గుప్పెడు.

అది కుంచం కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అది జమిడిక. జనగామ పక్క ఊరి రాఘవయ్య, అమ్మవారి కథలు చెప్పే బైండ్ల కులం వాడు, అంటే వీరభద్రం తండ్రి, నలభై ఏళ్ళు చంకన పెట్టుకొని ఎల్లమ్మ తల్లి కథ చెప్పిన జమిడిక. వీడు కత్తిరించి పారేసిన తాడు తాడు కాదు, పేగుతో పేనిన నరం. అది తోలు మధ్యలోంచి డొల్ల గుండా బయటికొస్తుంది. డొల్లను ఎడమ చంకలో ఇరికించి, నరాన్ని ఎడమ చేత్తో బిగబట్టి, కుడి చేత్తో మీటాలి. బిగిస్తే గొంతు లేస్తుంది, వదిలితే దిగుతుంది. రాఘవయ్య చేతిలో అది ప్రశ్నలడిగేది. ఊళ్ళో ముసలమ్మలు కూర్చున్నచోటే దానికి జవాబు చెప్పేవాళ్ళు.

మరి ఇంత వస్తువును కుంచమని ఎందుకన్నాడయ్యా అంటే, సిగ్గు. బడిలో పిల్లలు అతన్ని డబ్బాగాడు అని పిలిచేవాళ్ళు. చంకలో డబ్బా పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవాడి కొడుకని. ఇంజినీరింగ్ కాలేజీలో మీరెవరు, మీ నాన్న ఏం చేస్తారు అని అడిగినప్పుడల్లా వ్యవసాయం అనేవాడు. కెనడా అయినా ఈ ప్రశ్న లేని చోటవుతుందనుకుంటే, మొదటి రోజే తనీష్ చేతిలో డొల్ల, నోట్లో ప్రశ్న.

బయల్దేరే ముందురోజు తండ్రి దాన్ని సూట్‌కేసులో పెడుతుంటే వీరభద్రం ఎత్తిపొడిచాడు కూడా. అక్కడ దీనితో ఏం జెయ్యాలె, బియ్యం కొలుసుకోవాల్నా అని. రాఘవయ్య కోపం తెచ్చుకోలేదు.

"కొలుసుకో బిడ్డా. ఆకలికి కొలిస్తే తల్లి ఏమనదు. నరం మాత్రం తెంపకు."

తెంపింది వీడే కదా. ఆ తరువాత ఏడాది మేలో, కరోనా రెండోసారి ఊడ్చుకుపోయినప్పుడు, రాఘవయ్య వరంగల్ ఆసుపత్రిలో చనిపోయాడు. విమానాలు ఆపేశారు, పోతే తిరిగి రాలేడు, తిరిగి రాకపోతే చదువు పోతుంది. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాడు. ఆ రోజు కూడా తనీష్ వంటింట్లో అదే డొల్లతో బియ్యం కొలుస్తూ, ఒక ముద్దైనా తిను బ్రో అని బతిమాలాడు. వీరభద్రం దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తలేదు.

2022 ఏప్రిల్‌లో తల్లి జానకమ్మ ఫోన్ చేసింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వాళ్ళింటి ఆచారం ఒకటి గుర్తు చేసింది. కథ చెప్పే మనిషి పోయాక ఏడాది నిండేలోపు అతని జమిడిక వారసుడి చేతిలో మోగాలి, కనీసం ఒక్క ఘట్టమైనా చెప్పాలి. మోగకపోతే ఇక అది ఎప్పటికీ మోగదని లెక్క, నీళ్ళలో కలిపేయాలి. మే ఆఖరి ఆదివారంతో ఏడాది నిండుతుంది. మోగిస్తావో, మీ కాడున్న ఆ పెద్ద చెరువులో కలుపుతావో నీ ఇష్టం అంది. అంటారియో సరస్సు ఆమెకు పెద్ద చెరువే.

ఇంకో మాట కూడా చెప్పింది, వంత లేకుండా తల్లి కథ ఎత్తొద్దని. కథకుడు ఒక చరణం అన్నాక పక్కనున్నవాడు "ఆఁ" అని అందుకోవాలి, అదే వంత. ఊళ్ళో చెప్పేటప్పుడు రాఘవయ్యకు తమ్ముడు వంత. ఇంట్లో మంగళవారం మంగళవారం సాధన చేసేటప్పుడు మాత్రం ఆ వంత జానకమ్మదే. పొయ్యి ముందు కూర్చొని, వెనక్కి తిరిగి చూడకుండానే, ఒక్క చరణం జారనిచ్చేది కాదు.

ఫోన్ పెట్టేశాక వీరభద్రం వంటింట్లోకి వెళ్ళి డొల్లను చేతిలోకి తీసుకున్నాడు. అడుగున నాలుగు బియ్యపు గింజలున్నాయి. నరం లేదు, వంత లేదు, నెల రోజులున్నాయి. నీళ్ళలో కలపడమే మిగిలిందనుకొని, అక్కడే గోడకు ఆనుకొని కూలబడ్డాడు.

శనివారాలు అతను అమరేశ్వరరావు గారి మూవింగ్ ట్రక్కు మీద పనిచేసేవాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు దించడం, ఎక్కించడం. మే మొదటి శనివారం వార్డెన్ అవెన్యూ మీద ఒక టవరులో పద్నాలుగో అంతస్తుకు వెళ్ళారు. తలుపు తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. చామనఛాయ, నెరిసిన గడ్డం, కాళ్ళకు రెండు రంగుల మేజోళ్ళు. పేరు జెనివాల్, ఊరు బ్రెజిల్‌లో వానలు పడని ఏదో మెట్ట ప్రాంతం.

లోపలికి చూసి వీరభద్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు. సోఫా లేదు, టీవీ లేదు. నాలుగు గోడల నిండా వాద్యాలే. విల్లుకు బుర్ర కట్టినదొకటి, ఎద్దు కొమ్ముతో చేసినదొకటి, చేప ఎముకలు గుచ్చినదొకటి. వాటి మధ్య మన ఘటం, మన కంజీర. ఏదో షాపులో కొని తగిలించినవి కావు. ప్రతిదానికీ చెయ్యి పడి అరిగిన చోటుంది. ఇన్నీ మీరు వాయిస్తారా అని అడిగితే, ఒక్కోదాన్నీ దాని ఇంటికెళ్ళి అడిగి తెచ్చుకున్నానని చెప్పాడాయన. ఎవరింటికెళ్తే వాళ్ళ వాకిలి ఊడ్చి, నీళ్ళు మోసి, వాళ్ళు నేర్పినంత నేర్చుకున్నాడట. ఇప్పుడు పాట కట్టేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళందరినీ ఒక్కచోట కూర్చోబెడతాడట. గొప్ప చెప్పుకునే మనిషి గొంతు కాదది. బంధువుల పేర్లు చెబుతున్నట్టు చెప్పాడు.

పెట్టెల్లో సర్దుతుండగా వీరభద్రం చేతికొక రేకు డొల్ల వచ్చింది. ఒక పక్క తోలు, రెండో పక్క ఖాళీ. అంతే. అతని ప్రమేయం లేకుండా అది ఎడమ చంకలోకి వెళ్ళిపోయింది, చెయ్యి లోపలికి వెళ్ళి నరం కోసం తడుముకుంది. వేళ్ళకు నరం తగల్లేదు. తోలుకు అతికించిన సన్నటి పుల్ల తగిలింది. దాన్నే మీటాడు. టక్కుమంది. సిగ్గుపడి కింద పెట్టబోయాడు.

జెనివాల్ చేతిలోని పెట్టె నేల మీద పెట్టి దగ్గరకొచ్చాడు. దీన్ని కుయికా అంటారని, ముప్పై ఏళ్ళుగా ఎంతోమంది చేతికిచ్చానని చెప్పాడు. "అందరూ పైన తోలు మీద కొడతారు. అడక్కుండా లోపల చెయ్యి పెట్టింది నువ్వొక్కడివే. ఏం వెతికావు?"

రెండేళ్ళలో మొదటిసారి వీరభద్రం నిజం చెప్పాడు. "నరం," అన్నాడు. ఇంగ్లీషులో ఏమంటారో తోచక, చేత్తో లాగి మీటి చూపించాడు.

జెనివాల్ ఒక గుడ్డ తడిపి, డొల్ల లోపల చెయ్యి పెట్టి, ఆ పుల్లను నిమిరాడు. కుయికా నవ్వింది. నిజంగా నవ్వింది. తరవాత మూలిగింది, గారాలు పోయింది, చంటిపిల్ల పాలకు ఏడ్చినట్టు ఏడ్చింది. ఆయన బయటి నుంచి తోలు మీద వేలు నొక్కితే గొంతు లేచింది, వదిలితే దిగింది.  సముద్రాలవతల, ఎల్లమ్మ తల్లి పేరు వినని దేశంలో, నాయిన చంకలోని గొంతుకు తోబుట్టువు ఎట్లా పుట్టిందో అతనికి అంతుపట్టలేదు. కింద ట్రక్కు దగ్గర అమరేశ్వరరావు గారు హారన్ కొడుతూనే ఉన్నారు. ఇద్దరూ పట్టించుకోలేదు.

మర్నాడు వీరభద్రం బ్యాక్‌ప్యాక్‌లో జమిడిక పెట్టుకొని జెనివాల్ కొత్త ఇంటికి వెళ్ళాడు. ఆయన అప్పటికే గరాజ్‌లో వాద్యాలన్నీ తగిలించుకున్నాడు. డొల్లను అందుకొని వాసన చూసి, బియ్యమా అన్నాడు. వీరభద్రం తల వంచుకొని కథంతా చెప్పాడు. కుంచమన్న మాట, కత్తెర, నాయిన చావు, నెలాఖరు గడువు, అన్నీ. ఆ పెద్దాయన విన్నాక ప్లాస్టరును గోటితో మెల్లగా ఊడదీశాడు. గోడ మీద నుంచి తన ఊరి ఫిడేలొకటి దింపి, దానికున్న పేగు తీగను విప్పి వీరభద్రం చేతిలో పెట్టాడు. తను కట్టనన్నాడు. "మీ నాన్న వస్తువు. మొదటి చెయ్యి నీదే పడాలి."

ముడి ఎలా వేయాలో మర్చిపోయాననుకున్నాడు వీరభద్రం. వేళ్ళు మర్చిపోలేదు. ఒక్కసారి మీటాడు. జుమ్మని గరాజ్ అంతా నిండింది, లోపల మిగిలిన బియ్యపు గింజొకటి ఎగిరి నేల మీద పడింది. వీరభద్రం వెక్కి వెక్కి ఏడ్చాడు. మగవాడు ఏడవడమేంటని ఎవరూ అనలేదు, ఉన్నది జెనివాల్ ఒక్కడే కాబట్టి. ఆయన అటు తిరిగి కాఫీ పెట్టుకున్నాడు.

నరం దొరికింది, ఇక వంత కావాలి. అమ్మనే ఫోన్‌లో వంత పట్టమన్నాడు. వీడియో కాల్ పెట్టి మొదటి చరణం ఎత్తాడు. అక్కడికి పాట చేరి, ఆమె "ఆఁ" తిరిగి వచ్చేసరికి వీడు రెండో చరణంలో సగం దూరం వెళ్ళిపోయాడు. ఆగి పాడితే పాట తెగింది, ఆగకపోతే వంత చరణానికి అడ్డం పడింది. సెకనున్నర, ఒక్కోసారి రెండు సెకన్లు. నాలుగుసార్లు ప్రయత్నించాక జానకమ్మే, వద్దులే బిడ్డా, ఇంకెవరినన్నా చూసుకో అంది. ఆ మాట అనడం ఆమెకెంత కష్టమైందో వీరభద్రానికి తెలిసింది.

వంత నేను పడతానన్నాడు జెనివాల్. తెలుగు ముక్క రాదు. అయినా మూడు ఆదివారాలు కూర్చొని నేర్చుకున్నాడు. మాటలు నేర్చుకోలేదు, చరణం ఎక్కడ ఊపిరి వదులుతుందో, ఎక్కడ గొంతు పైకి లేచి అడుగుతుందో అది నేర్చుకున్నాడు. వీరభద్రం నోటితో దరువు చెబితే, ఆయన అదే దరువును బుర్ర విల్లు మీద వేసి, దాన్నే గిలకల పందేరో మీద వేసి, కాలి మడమతో నేల మీద ఇంకొకటి కలిపేవాడు. పందేరో అంటే మన కంజీరలాంటిదే, చుట్టూ గిలకలుంటాయి. పుట్టలోంచి ఎల్లమ్మ తల్లి పుట్టే ఘట్టం దరువు అన్ని చోట్ల నుంచి వినబడుతుంటే, వీరభద్రం పాడడం మరిచి నోరు వెళ్ళబెట్టేవాడు. డబ్బాగాడి దరువు ఇదా, ఇందులో ఇంత ఉందా అని.

ఇక మిగిలింది ఇంట్లోవాళ్ళకు చెప్పడం. తనీష్ అంతా విన్నాక వీరభద్రం భయపడ్డట్టు మీరెవరని అడగలేదు; వాడి బాధ వేరే.

"మాకు చెప్పుంటే ప్లాస్టిక్ కప్పుతో కొలుచుకునేవాళ్ళం కదరా. దేవుడి వస్తువుతో మా చేత ఎంత పని చేయించావ్!"

అని తిట్టి, ఆదివారం అందరికంటే ముందు స్నానం చేసి తయారైంది కూడా వాడే.

మే ఆఖరి ఆదివారం పొద్దున పది గంటలు. జనగామలో దీపాల వేళ. గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. నేల మీద వీరభద్రం పసుపు, కుంకుమ, పిండితో చేతనైనంత పట్నం వేశాడు. ఆ ముగ్గు వేస్తేనే తల్లి వచ్చి కూర్చుంటుంది. తనీష్ ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. తెరలో జానకమ్మ, వెనక గోడకు రాఘవయ్య ఫోటో. ఆమె వినడానికి మాత్రమే కూర్చుంది. జెనివాల్ కుయికా చంకన పెట్టుకొని, మేజోళ్ళు విప్పి, పట్నానికి అవతలి పక్క కూర్చున్నాడు.

వీరభద్రం నరం బిగించి కథ ఎత్తాడు. మొదటి చరణం తీసి, నాయిన చేసినట్టే చివర గొంతు పైకి లాగాడు. కుయికా సరిగ్గా ఆ చోట "ఆఁ" అంది. మనిషన్నట్టే అంది. రెండో చరణం, మళ్ళీ "ఆఁ". మూడో చరణంలో ఉండగా ఫోన్‌లోంచి ఇంకో "ఆఁ" వచ్చింది.

జానకమ్మ పాపం మాటిచ్చింది, పలకనని. ముప్పై ఏళ్ళ అలవాటు ఆమె మాట వింటుందా? ఆ జమిడిక అడిగింది, ఆమె నోరు పలికింది. రెండు వంతలు ఢీకొన్నాయి. వీరభద్రం గొంతు తడబడింది, వేలు జారింది. మధ్యలో ఆగితే కథ చెడినట్టే, ఇంకో రోజు లేదు. తనీష్‌కు విషయం అర్థమై మ్యూట్ నొక్కబోయాడు.

జెనివాల్ తల అడ్డంగా ఊపాడు. కుయికాను చప్పుడు కాకుండా పక్కన పెట్టేశాడు. మూడు వారాలు కష్టపడి నేర్చుకున్న వంతను అలా వదిలేసి, పందేరో అందుకున్నాడు. తనీష్‌ను సైగ చేసి ఫోన్ తన ఎదుటికి తెమ్మన్నాడు. ఆయన కళ్ళు తెర మీదనే ఉన్నాయి. జానకమ్మ పెదవులను కాదు, పలకబోయే ముందు ఆమె ఊపిరి తీసుకోవడాన్ని చూస్తున్నాడు.

వీరభద్రం చరణం ముగించాడు. ముగిసిన చోట ఖాళీ రాలేదు. పందేరో ఆ చరణం కొసను అందుకొని, ముద్ద చేసి, మడమ దెబ్బతో ఒక్క అడుగు నడిపించి, ఇంకో అర అడుగు నడిపించి, సరిగ్గా ఒక తలుపు తెరిచినట్టు ఆగింది. ఆ చోట, జనగామ పక్క ఊరి నుంచి, "ఆఁ".

తాళం మీద పడింది. పొయ్యి ముందు కూర్చొని పలికినంత సూటిగా పడింది. వీరభద్రం తరవాతి చరణం తీశాడు. మళ్ళీ ఆ నడక, మళ్ళీ ఆ తలుపు, మళ్ళీ అమ్మ. లైను ఒకసారి త్వరగా వచ్చింది, ఒకసారి రెండు సెకన్లు పట్టింది. నడక ఒకసారి పొట్టిదైంది, ఒకసారి పొడుగైంది. వంత మాత్రం ఒక్కసారీ తప్పలేదు. అటు సముద్రాలు, ఇటు గరాజ్, మధ్యలో ఆ ముసలాయన అరచెయ్యి. వీరభద్రం పాడుతూనే ఆశ్చర్యపోయాడు, ఆశ్చర్యపోతూనే పాడాడు. పుట్ట పగిలి తల్లి పుట్టింది. తనీష్ బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే, రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నందువల్ల తుడుచుకోలేకపోయాడు.

ఘట్టం ముగిసింది. జమిడిక మోగింది, ఇక దాన్ని ఎవరూ నీళ్ళలో కలపనక్కర్లేదు.  ఫోన్‌లో జానకమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, మొదట కొడుకును మెచ్చుకోలేదు.

"ఆ పెద్దాయన ఏ ఊరోళ్ళురా? మన బైండ్లోళ్ళేనా?"

కాదమ్మా, బ్రెజిల్ అన్నాడు వీరభద్రం. ఆ ఊరు ఎటుపక్కనో ఆమెకు తెలియలేదు. నేను ఆలస్యంగా పలుకుతున్నానని ఆయనకు కోపమొచ్చిందేమో, మన్నించమను అంది. వీరభద్రం ఆ మాట జెనివాల్‌కు చెప్పాడు. ఆయన పందేరోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆమె ఆలస్యంగా లేదు," అన్నాడు. "సరైన చోటే పలికింది. మనమే తొందరగా వెళ్ళిపోయాం. చెప్పు."

మనమే తొందరగా వెళ్ళిపోయాం. ఆ మాటను వీరభద్రం తెలుగులోకి మార్చి అమ్మకు చెప్పాడు. చెప్పి, తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. మాట అక్కడికి చేరాలి, తిరిగి రావాలి. గరాజ్‌లో అందరూ ఆ సెకనున్నర ఆగారు.

"ఆఁ," అంది జానకమ్మ.